సైకిల్ కొనిచ్చాం సరే, వాల్వ్ బిగించడం ఎవరు నేర్పుతారు?

ఆడపిల్లకి సైకిల్ కొనిస్తాం, తొక్కడం నేర్పిస్తాం. గాలి దిగిపోతే మాత్రం "నాన్న వచ్చాక చూస్తారులే", "అన్నయ్య షాపుకి తీసుకెళ్తాడులే" అంటాం. నా పేచీ అంతా అక్కడే.

మా మేనకోడలు తొమ్మిదో తరగతిలో ఉండగా వాల్వ్ ట్యూబ్ పాడై, దాని సైకిల్ నెల రోజులు గోడకి ఆనుకుని ఉండిపోయింది. ఆ నెలంతా వాళ్ళన్నయ్య ఖాళీగా ఉన్న రోజునే పిల్ల ట్యూషన్‌కి వెళ్ళింది. చూస్తే పాడైంది చిటికెన వేలంత కూడా లేని రబ్బరు ముక్క!

మనం వంటింట్లో సిలిండర్‌కి రెగ్యులేటర్ బిగిస్తాం, కుక్కర్ గాస్కెట్ మారుస్తాం. వాటితో పోలిస్తే ఇదేం బ్రహ్మవిద్య కాదు.

మన మామూలు సైకిళ్ళకి ఎక్కువగా ఉండేది డన్‌లప్ వాల్వ్. లోపల ఒక చిన్న పిన్ను, దాని పక్కన సన్నటి రంధ్రం, ఆ రంధ్రాన్ని కప్పుతూ రబ్బరు గొట్టం. అదే వాల్వ్ ట్యూబ్. పంపు కొట్టినప్పుడు గాలి రబ్బరుని కాస్త ఎత్తి లోపలికి పోతుంది. లోపలున్న గాలి అదే రబ్బరుని నొక్కి దారి మూసేస్తుంది. ఎండకి రబ్బరు ఎండిపోయినా, చిరిగినా గాలి నిలవదు.

అందుకని గాలి దిగగానే పంక్చరని కంగారు పడొద్దు. ముందు గాలి కొట్టి, వాల్వ్ మూతి మీద రెండు చుక్కల నీళ్ళు వేయండి. బుడగ వస్తే దోషం అక్కడే. పై రింగు మెల్లగా విప్పాలి, గాలి ఉంటే పిన్ను ఎగిరొస్తుంది. పాత రబ్బరు తీసి, కొత్తదాన్ని నీళ్ళతో తడిపి, రంధ్రం పూర్తిగా మూసుకునేలా ఎక్కించాలి. నూనె రాయకండి, రబ్బరు పాడవుతుంది. పిన్నుని గాడిలో కుదురుగా కూర్చోబెట్టి రింగు చేత్తో బిగిస్తే చాలు.

కొత్త ట్యూబ్ వేసేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. వాల్వ్ రిమ్ము రంధ్రంలోంచి నిటారుగా నిలబడాలి. కొంచెం గాలి కొట్టాక వాల్వ్‌ని ఒకసారి లోపలికి నొక్కి వదిలితే, ట్యూబు టైరు అంచు కింద నలగకుండా సర్దుకుంటుంది. ఆ తర్వాతే రిమ్ము నట్టు వేళ్ళతో బిగించాలి. కటింగ్ ప్లేయర్‌తో బిర్రుగా బిగిస్తే వాల్వ్ మొదట్లో రబ్బరు లాగబడుతుంది. అక్కడ చిరిగితే ప్యాచ్ నిలవదు, ట్యూబే మార్చాలి. వాల్వ్ ఒక పక్కకి వాలిందంటే గాలి తక్కువై టైరూ ట్యూబూ జరిగాయని అర్థం. అలాగే తొక్కనివ్వకండి. గాలి తీసేసి, ట్యూబు సర్ది, వాల్వ్ నిలబెట్టి మళ్ళీ గాలి కొట్టండి.

గేర్ల సైకిళ్ళలో చాలావాటికి బైకులకుండే ష్రేడర్ వాల్వ్ ఉంటుంది. రేసు సైకిళ్ళకి సన్నటి ప్రెస్టా వస్తుంది. దానికి రిమ్ము రంధ్రం సుమారు 6 మిల్లీమీటర్లు, మిగతావాటికి 8. అందుకే కొత్త ట్యూబ్ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్ళడం మంచిది.

"షాపతను నిమిషంలో చేస్తాడుగా, పిల్ల చేతులు నల్లగా చేసుకోవడమెందుకు?" అంటారు కొందరు. పంక్చరుకీ, వంగిన రిమ్ముకీ షాపుకే వెళ్దాం, అతని పనితనం అతనిదే. కానీ సాయంత్రం చీకటి పడే వేళ, బడికీ ఇంటికీ మధ్య ఏ షాపూ లేని దారిలో గాలి దిగితే? నల్లబడిన చేతులు సబ్బుతో కడిగితే పోతాయి. ఎవరో వచ్చేదాకా ఎదురుచూసే అలవాటు అంత తేలిగ్గా పోదు.

బీహార్‌లో 2006 నుంచి తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిల్ కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. మన ఆంధ్రాలోనూ 'బడికొస్తా' పేరుతో సైకిళ్ళిచ్చారు. చాలా మంచి పని. నన్నడిగితే ప్రతి సైకిల్‌తో పాటు ఒక చిన్న పంపు, నాలుగు వాల్వ్ ట్యూబులు, బడిలో ఒక గంట పాఠం కూడా ఇవ్వాలి. లేకపోతే మొదటిసారి గాలి దిగిన రోజే ఆ సైకిల్ మూలన పడుతుంది.

సర్కారు సంగతి అలా ఉంచి, మనింట్లో ఇది మన చేతిలో పనే. ఈ ఆదివారం అమ్మాయిని కూర్చోబెట్టి ఒకసారి విప్పించి, బిగింపించండి. అబ్బాయినీ పిలవండి. మీకూ రాకపోతే ఇద్దరితో పాటు మీరూ నేర్చుకోండి.