రౌతు కొద్దీ గుర్రం

రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్లతో నడుస్తుందని పెద్దల మాట. ఈ సామెతను మేము చిరకాలం ఒకే విధంగా అర్థం చేసుకున్నాము. గట్టిగా పట్టనివానికి గుర్రం లొంగదు, కనుక చేతిలో బలముండాలి, గొంతులో గద్దింపు ఉండాలి అని. ఆ అర్థం ఎంత పొరపాటో మా రెండు వ్రేళ్ల చర్మం ఊడిననాడు గాని తెలిసిరాలేదు. ఈ పర్యాయం యంత్రాలకు కాస్త విశ్రాంతినిచ్చి, ఆ ముచ్చటను పాఠక మిత్రులకు నివేదించదలచాము.

కొన్నేళ్ల క్రితం ఉద్యోగరీత్యా పశ్చిమ రాజస్థానంలో ఉండగా, మా నివాసానికి చేరువలో ఒక రైతు ఇంట మూడేళ్ల మార్వాడీ మగ గుర్రం ఉండేది. చెవుల కొనలు లోనికి వంగి ఒకదానినొకటి తాకబోవడం ఈ జాతి ప్రత్యేకత. పాలు త్రాగేనాటి నుండి దానిని ఇంటిల్లిపాదీ గారాబంగా పెంచారు. పిల్లగా ఉన్నప్పుడు భుజంతో మనుషులను నెడుతుంటే నవ్వుకున్నారు. 350 కిలోలు దాటిన తరువాత ఆ నెట్టుడే ప్రమాదమై కూర్చుంది. ఒకనాడు నీళ్ల తొట్టికి నడిపించుకుపోతున్న రైతు కుమారుణ్ణి, పన్నెండేళ్ల పసివాణ్ణి, త్రాటితో సహా పొలం గట్టు దాకా ఈడ్చుకుపోయింది. మోచేతుల గాయాలతో పిల్లవాడు బయటపడ్డాడు. ఇక అమ్మివేయడమే మార్గమని ఇంటివారు నిశ్చయించుకున్నారు.

పొగరుబోతని పేరుపడిన గుర్రానికి మంచి యజమాని దొరకడు. చేతులు మారేకొద్దీ దానికి దెబ్బలే మిగులుతాయి. ఈ సంగతి ఎరిగిన ఒక విశ్రాంత రిసాల్దారు, సైన్యంలో గుర్రాలకు శిక్షణనిచ్చిన పెద్దమనిషి, రైతును రెండు నెలల గడువు అడిగారు. మేము ప్రతి ఆదివారం ఆయన వెంట ఉండి చూసేవారము.

మొదటి ఆదివారమే ఉత్సాహం పట్టలేక త్రాడు మేము పుచ్చుకున్నాము. జారిపోకుండా అరచేతికి ఒక చుట్టు చుట్టుకున్నాము. ఎక్కడో ఒక పిట్ట లేచింది, గుర్రం బెదిరి దూకింది, త్రాడు బిగిసి మా వ్రేళ్ల చర్మాన్ని తీసుకుపోయింది. క్రేనుకు వ్రేలాడే బరువు ఊగకుండా పట్టుకునే త్రాటిని చేతికి చుట్టుకోరాదని మా రిగ్గర్లకు ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటామో! ఇతరులకు చెప్పే నియమం మనకు గుర్తురావడానికి నెత్తురు కళ్లజూడవలసి వచ్చింది. “సాబ్, మీరు దాన్ని పట్టుకోలేదు. అదే మిమ్మల్ని పట్టుకుంది” అన్నారు రిసాల్దారు గారు, చేతికి కట్టు కడుతూ.

తరువాత ఆయన చేసి చూపినది బలప్రదర్శన కాదు. గుర్రానికి ఎదురుగా నిలిచి లాగడం వృథా అన్నారు. మెడను, వెన్నును తిన్నగా చాచి లాగే గుర్రాన్ని ఏ మనిషీ ఆపలేడు. ఆయన దాని ఎడమ భుజం ప్రక్కన చేయి చాపు దూరంలో నిలబడేవారు. అది ముందుకు దూకబోతే తాను ప్రక్కకు జరిగి తలను తన వైపు త్రిప్పేవారు. మెడ వంగగానే వెనుక కాళ్లు ఆవలి వైపుకు తిరుగుతాయి, లాగే శక్తి చెదరిపోతుంది. ఇంజనీరుకు ఇందులో తెలియనిదేమీ లేదు. బలం ఎంత అన్నదాని కన్న ఎక్కడ, ఏ దిశలో అన్నది ముఖ్యం.

అసలు పాఠం త్రాటిని బిగించడంలో గాక వదలడంలో ఉంది. నడవమనడానికి త్రాటిపై మెల్లని ఒత్తిడి. అది ఒక్క అడుగు వేసిందో లేదో, తక్షణం సడలింపు. ఆగమన్నప్పుడు తాను ఆగి, ఒత్తిడి పెట్టి, అది ఆగిన క్షణంలోనే వదిలివేసేవారు. మీదికి వస్తే రెండడుగులు వెనుకకు నడిపించి, వెంటనే నిమురుతూ ఊరుకునేవారు. ఏ పని చేసినప్పుడు ఒత్తిడి తొలగిందో గుర్రం ఆ పనినే నేర్చుకుంటుంది. అది గుంజినప్పుడు భయపడి త్రాడు వదిలామా, గుంజడమే నేర్పిన వారమవుతాము. ఆ ఇంటివారు తెలియక మూడేళ్లుగా నేర్పినది అదే.

గుర్రం స్వభావరీత్యా వేటాడే మృగం కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్లు తలకు ఇరుప్రక్కలా ఉండడం వల్ల దాదాపు చుట్టూ చూడగలదు. సరిగా నొసటి ముందు, తోక వెనుక మాత్రం దానికి కానరాదు. అందుచేత ఆ రెండు చోట్ల నుండి హఠాత్తుగా సమీపించేవాడు దానికి పులితో సమానం. మన కదలికలను అది ఎంత నిశితంగా గమనిస్తుందో చెప్పడానికి బెర్లిన్ నగరపు ‘హాన్స్’ చాలు. లెక్కలు చేసే గుర్రమని పేరు పొందిన హాన్స్‌ను 1907లో ఆస్కర్ ఫుంగ్స్ట్ అనే శాస్త్రవేత్త పరిశీలించి, అది లెక్కించడం లేదని, సరైన జవాబు రాగానే ప్రశ్నించినవారి తలలో, ముఖంలో కలిగే అతిస్వల్ప చలనాన్ని పసిగట్టి గిట్ట తట్టడం మానుతోందని తేల్చాడు. తాము సంజ్ఞ ఇస్తున్నట్లు ఆ మనుషులకే తెలియదు! అట్టి జీవి ముందు మనస్సులో విసుగు దాచుకొని పైకి శాంతం నటిస్తే చెల్లుతుందా? కోపంతో గుర్రం దరి చేరరాదని రెండు వేల మూడు వందల ఏళ్లకు పూర్వమే గ్రీకు దేశీయుడు జెనఫన్ తన అశ్వశిక్షణ గ్రంథంలో హెచ్చరించాడు.

నాలుగు వారాలకు నడక కుదిరింది. అప్పుడు ‘కావా’ ప్రారంభమైంది. పొడవాటి త్రాటి కొసన గుర్రాన్ని వలయంగా త్రిప్పడాన్ని ఆ ప్రాంతంలో అలా అంటారు. ఎనిమిది మీటర్ల త్రాడు, ముక్కు పట్టీపై కడియమున్న తలకట్టు, చేతులకు తోలు తొడుగులు, ఒక పొడవాటి చెర్నాకోల. చెర్నాకోల కొట్టడానికి కాదు, దూరాన ఉన్న గుర్రానికి దిశ చూపే చేతికి పొడిగింపు. మిగిలిన త్రాటిని చేతికి చుట్టుకోక మడతలు మడతలుగా అరచేతిలో ఉంచుకోవాలి. ఈ మాట ఆయన మా వైపు చూసి మరీ చెప్పారు.

చిన్న వలయాలు వద్దన్నారాయన. మేము లెక్క కట్టి చూశాము. సెకనుకు 3.5 మీటర్ల దుడుకు నడకలో 5 మీటర్ల వ్యాసార్ధంపై తిరిగితే ప్రక్కకు కలిగే త్వరణం భూమ్యాకర్షణ త్వరణంలో నాలుగవ వంతు. 10 మీటర్లపై అయితే ఎనిమిదవ వంతు మాత్రమే. మూడేళ్ల గుర్రానికి ఎముకలు ఇంకా ముదరవు. వెన్నెముక పూర్తిగా పక్వమవడానికి అయిదేళ్లు దాటుతుంది. కనుక ఆయన తానూ నడుస్తూ వలయాన్ని విశాలం చేసేవారు. ఒక్కొక్క దిశలో అయిదారు నిమిషాలు, అంతే. బాగా చేసిన చోటనే ఆపివేసేవారు. అలసిపోయేదాకా త్రిప్పితే అణుకువ రాదు, ఓపిక పెరిగి మరింత బలిష్ఠమైన మొండిది తయారవుతుందని ఆయన అభిప్రాయం. నిలువమన్న మాటకు అది వలయం మీదనే నిలిచేది. పిలిస్తే గాని లోపలికి వచ్చేది కాదు.

గడువు ముగిసిననాడు రైతు పరీక్షకు వచ్చాడు. వలయంలో త్రిప్పి చూపుతారనుకున్నాము. రిసాల్దారు గారు ఆ పని చేయక, త్రాడు పిల్లవాని చేతికిచ్చి, “నీళ్లకు తీసుకుపో బేటా” అన్నారు. పిల్లవాని ముఖం పాలిపోయింది. తండ్రి అడుగు ముందుకు వేయబోతే ఆయన చేయి అడ్డు పెట్టారు. కంచె తలుపు దగ్గర బాలుడు ఆగాడు, గుర్రమూ ఆగింది. గడియ తీయడం వానికి ఆలస్యమైంది. అంతసేపూ అది తల వంచి వేచి ఉంది. తలుపు తెరుచుకున్నాక వాడు ముందు, అది వెనుక. త్రాడు ఇద్దరి నడుమ వదులుగా వ్రేలాడుతూనే ఉంది. రైతు తరువాత దానిని అమ్మే ఊసు ఎత్తలేదు.

విరాటుని కొలువులో అశ్వశాల చూసిన నకులునికి తెలుగు భారతంలోని మారుపేరు దామగ్రంథి. త్రాటి ముడి అని అర్థం చెప్పుకోవచ్చు. ముడి వేయడం అందరికీ వస్తుంది. ఎప్పుడు సడలించాలో తెలిసినవాడే రౌతు. మెత్తని రౌతు అంటే కొట్టనివాడు కాదని, ఈనాడొక మాట రేపొక మాటగా ఉండేవాడని ఇప్పుడు మేము అర్థం చెప్పుకుంటున్నాము. మా విభాగానికి క్రొత్తగా వచ్చిన యువకుల పట్ల ఎన్నిసార్లు బిగించడమే తప్ప వదలడం మరచామో ఆ మచ్చ పడిన వ్రేళ్లను చూసినప్పుడల్లా మాకు గుర్తుకు వస్తూ ఉంటుంది.