మిథ్యావర్ణ చిత్రాలు

అంతరిక్ష పరిశోధనా సంస్థలు వెలువరించే గ్రహాల చిత్రాలను చూసినప్పుడు సామాన్య పాఠకునికి మొదట ఆశ్చర్యం కలుగుతుంది. చిత్రం కింద ‘మిథ్యావర్ణ చిత్రం’ అన్న మాట చదవగానే ఆ ఆశ్చర్యం అనుమానంగా మారుతుంది. రంగులే అబద్ధమైనప్పుడు తక్కిన దానిలో నిజమెంత అని అతడు ప్రశ్నిస్తాడు. ప్రశ్న సహేతుకమైనదే. కాని దోషం చాలావరకు ఆ చిత్రంలో లేదు, దానికి పెట్టిన పేరులో ఉంది.

మానవ నేత్రం గ్రహించగలిగే కాంతి అత్యల్పం. సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్యనున్న ఇరుకైన పట్టీయే దానికి కనిపించే ప్రపంచం. శిలలు తమ స్వభావాన్ని ఆ పట్టీలోనే వెల్లడించాలన్న నియమమేదీ లేదు. ఇనుము గల పైరాక్సీన్ ఖనిజం 1000 నానోమీటర్ల పరిసరాలలో, అంటే కంటికి అందని పరారుణ ప్రాంతంలో, కాంతిని విశేషంగా శోషించుకొంటుంది. కంటికి ఒకే బూడిదరంగులో కనిపించే రెండు రాళ్లు అక్కడ వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. వ్యోమనౌకలోని కెమెరా ఒక్కొక్క ఫిల్టరు గుండా ఒక్కొక్క తరంగదైర్ఘ్యంలో వచ్చే కాంతిని కొలుస్తుంది. ఆ కొలతలలో మూడింటిని ఎన్నుకొని వాటికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను కేటాయిస్తే మిథ్యావర్ణ చిత్రం సిద్ధమవుతుంది. రంగు కేటాయింపు మనిషిదే అయినా, దాని వెనుకనున్న కొలత రాతిది.

ఈ పద్ధతి భూమికి కొత్తది కాదు. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం రూపొందించే ఉపగ్రహ చిత్రాలలో వరిచేలు ఎర్రగా కనిపిస్తాయి. పచ్చని ఆకు సమీప పరారుణ కాంతిని అధికంగా పరావర్తనం చేస్తుంది. ఆ కాంతికి ఎరుపును కేటాయించడం సంప్రదాయం. ఆ చిత్రాలతో పంటల విస్తీర్ణాన్ని అంచనా వేసేవారెవరూ వరి ఎర్రగా ఉంటుందని భ్రమపడరు.

చంద్రుని విషయంలో ఈ పద్ధతి సాధించిన విజయం మరింత గొప్పది. బృహస్పతికి వెళ్లే మార్గంలో గెలీలియో నౌక 1992 డిసెంబరు 7న చంద్రుని ఉత్తర ప్రాంతాల మీదుగా సాగిపోయింది. అది మూడు ఫిల్టర్లతో తీసిన 53 చిత్రాలను జోడించి శాస్త్రజ్ఞులు ఒక మిథ్యావర్ణ చిత్రాన్ని కూర్చారు. అందులో ప్రశాంతి సముద్రమనే లావా మైదానం గాఢనీలంగా, ఇతర మైదానాలు ఆకుపచ్చ, నారింజ ఛాయలలో, ఉన్నతభూములు గులాబి వన్నెలో కనిపించాయి. నీలం టైటానియం అధికంగా గల లావాకు గుర్తు. ఈ మాట ఊహతో చెప్పినది కాదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు దిగినది ఆ మైదానంలోనే. వారు తెచ్చిన బసాల్టు రాళ్లలో టైటానియం అధికంగా ఉన్నట్లు ప్రయోగశాలలు అప్పటికే తేల్చాయి. బంగారానికి గీటురాయి ఉన్నట్లే ఈ రంగుకు ఆ రాళ్లు ఉన్నాయి. ఒకచోట పరీక్షకు నిలిచిన రంగు, మనిషి అడుగుపెట్టని తావులలోని లావాలను చదవడానికి ఆధారమైంది.

అంగారకునిపై మరొక తమాషా జరిగింది. ఆ గ్రహపు ఎరుపు మన ఇళ్లలో వాడే జేగురు వంటిదే, ఇనుప ఆక్సైడు ధూళి వల్ల కలిగినది. 2004 జనవరిలో ఆపర్చునిటీ రోవరు దిగిన మెరిడియాని మైదానంలో కొద్ది మిల్లీమీటర్ల గుండ్రని రాళ్లు గుట్టలుగా కనిపించాయి. మిథ్యావర్ణ చిత్రాలలో చుట్టూ ఉన్న తుప్పురంగు నేల మీద అవి నీలిగా తోచాయి గనుక వాటికి ‘బ్లూబెర్రీలు’ అన్న ముద్దుపేరు స్థిరపడింది. నిజానికవి బూడిదరంగువి, తెలుగువారు పేరు పెట్టి ఉంటే మిరియాలని పిలిచేవారేమో! అవి హెమటైటు అనే ఇనుప ఖనిజంతో నిండి ఉన్నాయని రోవరులోని పరికరాలు నిర్ధారించాయి. భూగర్భజలం ఊరిన శిలలలో అవి పెరిగాయన్నది శాస్త్రజ్ఞుల నిర్ణయం. లేని నీలిరంగు, ఒకప్పుడు ఉన్న నీటి జాడను సులువుగా గుర్తించడానికి తోడ్పడింది.

ఇంతకంటె ఎక్కువగా అనుమానించవలసినవి సహజంగా కనిపించే చిత్రాలు. దట్టమైన మేఘాలు కప్పిన శుక్రగ్రహాన్ని 1990 నుంచి 1994 వరకు మాజెల్లాన్ నౌక రాడారుతో పరిశీలించింది. రాడారుకు రంగు తెలియదు. దాని చిత్రాలలో ప్రకాశవంతంగా ఉన్న చోటు చాలా సందర్భాలలో గరుకైన నేల మాత్రమే. అయినా 1982లో వెనీరా 13, 14 నౌకలు పంపిన చిత్రాల ఆధారంగా వాటికి నారింజ వన్నె అద్దారు. కొన్నింటిలో అగ్నిపర్వతాల ఎత్తును అనేక రెట్లు పెంచి చూపారు. వివరణలో ఈ సంగతి చెప్పారు గాని, వివరణ చదివేవారెందరు? చూసినవారికి మాత్రం సంధ్యాకాంతిలో నిలిచిన నిటారు శిఖరాలే గుర్తుండిపోయాయి. తన పేరులోనే ‘మిథ్య’ అని ఒప్పుకొనే చిత్రం కంటె, నిజంవలె నటించే చిత్రమే పాఠకుణ్ణి ఎక్కువ మోసగిస్తుంది.

మిథ్యావర్ణాన్ని సమర్థించేవారు ఒక మాట అంగీకరించక తప్పదు. ఏ మూడు కొలతలను ఎన్నుకోవాలి, ఎంత స్వల్పభేదాన్ని ఎంత పెద్దదిగా చూపాలి అన్నది చిత్రకర్త నిర్ణయం. లావా మైదానాల మధ్య సహజంగా ఉన్న వర్ణభేదం అతి సూక్ష్మం. చిత్రంలో అది పగలుకు, రాత్రికి ఉన్నంతగా కనిపిస్తుంది. అందువల్ల ఏ రంగు దేనికి సంకేతమో తెలిపే సూచిక చిత్రాన్ని విడువకూడదు. భూపటాన్ని సూచిక లేకుండా అచ్చువేస్తే ఉపాధ్యాయుడు అంగీకరించడు. గ్రహాల చిత్రాల వద్దకు వచ్చేసరికి పత్రికలు, పాఠ్యగ్రంథాలు కూడా బొమ్మను పెద్దదిగా వేసి, స్థలం చాలలేదని సూచికను కత్తిరిస్తాయి. శాస్త్రజ్ఞుడు పాటించిన నిజాయితీ ముద్రణాలయంలో పోతుంది.

దీనివల్ల కలిగే నష్టానికి భారతదేశపు నౌక పంపిన చిత్రమే ఉదాహరణ. 2008 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-1 లో, అమెరికా సమకూర్చిన ఖనిజ పటకార పరికరం ఒకటి ఉంది. దాని కొలతల ఆధారంగా 2009 సెప్టెంబరులో వెలువడిన చిత్రంలో ధ్రువప్రాంతాలు నీలంగా మెరిశాయి. ఆ చిత్రంలో ఎరుపు పైరాక్సీనుకు, ఆకుపచ్చ ఉపరితల ప్రకాశానికి, నీలం నీరు, హైడ్రాక్సిల్ అణువుల జాడకు సంకేతాలు. సూచిక లేకుండా ఆ బొమ్మను చూసిన విద్యార్థి చంద్రుని ధ్రువాల వద్ద సరస్సులున్నాయని అనుకొంటే తప్పు అతనిది కాదు. ఆ నీలిప్రాంతంలోని పైపొర మట్టిని టన్ను మేర సేకరించినా లభించే నీరు మహా అయితే ఒక లీటరని నాటి శాస్త్రజ్ఞుల అంచనా.