కంపవాత రోగికి పథ్యము చెప్పవలయును

కంపవాతమనబడు పార్కిన్సన్ వ్యాధికి మాత్రలు వ్రాసియిచ్చు వైద్యుడు, ఆ మాత్రలను భోజనమునకు ఎంత ముందు, ఎంత వెనుక పుచ్చుకొనవలయునో విశదముగా చెప్పకపోవుట చికిత్సలో సగభాగమును విడిచిపెట్టుటయే యని మా నిశ్చితాభిప్రాయము. “పథ్యమేమైన ఉన్నదా, డాక్టరుగారూ?” యని రోగి వెంట వచ్చిన భార్యయో కోడలో అడుగుట మన ఆసుపత్రులలో నిత్యము వినబడు ప్రశ్న. “ఏమియు లేదు, అన్నియు తినవచ్చును” అను ప్రత్యుత్తరమును అంతే సాధారణము. తక్కిన వ్యాధుల మాట యెట్లున్నను, ఈ వ్యాధి విషయమున ఆ ప్రత్యుత్తరము చాలదు.

లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ రోగ లక్షణములను ఒక చిన్న గ్రంథమున వర్ణించెను గాని, దీనికి ఫలవంతమైన ఔషధము లభించుటకు నూటయేబది సంవత్సరములు పట్టినది. మెదడులోని ఒక చిన్న ప్రదేశమునందలి కణములు క్రమముగా నశించి, అవి తయారుచేయు డోపమీన్ కొరవడుట చేతనే అంగములు వణకుట, బిగిసికొనుట, నడక మందగించుట సంభవించునని తేలిన పిమ్మట, 1967లో అమెరికాలో జార్జి కోట్జియాస్ లీవోడోపాను అధిక పరిమాణమున ఇచ్చి రోగులకు చెప్పుకోదగిన ఉపశమనము కలిగింపగలిగెను. నేటికిని ప్రధానౌషధమదియే. అయితే ఈ లీవోడోపా స్వయముగా ఒక అమైనో ఆమ్లము. మనము తినిన పప్పు, పెరుగు, గ్రుడ్డు, మాంసము జీర్ణమై విడివడు అమైనో ఆమ్లములలో కొన్ని ఏ మార్గమున చిన్నప్రేవునుండి రక్తములోనికి, రక్తమునుండి మెదడులోనికి ప్రవేశించునో, ఇదియు ఆ మార్గముననే ప్రవేశింపవలయును. తిరునాళ్లనాడు గుడివాకిట జనము క్రిక్కిరిసినట్లు మాంసకృత్తులు క్రిక్కిరిసిన వేళ, మాత్ర వెనుకబడిపోవును.

ఇందువలన ఇంటింట జరుగునదేమి? అరువది దాటిన పెద్దాయన పొద్దుట పెసరట్టు తిని గ్లాసెడు పాలతో మాత్ర మ్రింగును. గంట గడచినను చొక్కా బొత్తాము వ్రేళ్లకు పట్టుబడదు. కుర్చీనుండి లేచినను పాదము నేలకంటుకొనిపోయి గడప దాటలేక నిలిచిపోవును. మరునాడు అదే మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసికొనినచో, కొంతసేపటికి తానే పంచె కట్టుకొని అరుగుమీదికి నడచి రావచ్చును. ఈ భేదమునకు కారణమెరుగని ఇంటివారు మందు పనిచేయుట మానినదని భయపడుదురు. తిండి సంగతి అడుగని వైద్యుడు మోతాదు పెంచును. పెంచిన మోతాదు వలన శరీరము తనంత తాను మెలికలు తిరుగు కొత్త బాధ తోడగుటకు అవకాశమున్నది. వ్యాధి తొలిదశలో అనేకులకు ఈ భేదము స్పష్టముగా కానరాదు గాని, సంవత్సరములు గడచి మాత్ర ప్రభావము గంటల లెక్కన సడలిపోవు దశలో ఇదియే రోగి దినచర్యను శాసించును.

కావున మాత్ర భోజనమునకు అరగంట ముందైనను, భోజనమైన గంట రెండు గంటల పిమ్మటనైనను పడవలయును. వికారము పుట్టువారు తోడుగా అరటిపండో రెండు బిస్కత్తులో తినవచ్చును గాని, పాలు త్రాగరాదు. రక్తహీనతకై వేసికొను ఇనుము మాత్రకును దీనికిని రెండు గంటల ఎడముండుట మేలు. ఇంత మాత్రము చెప్పుటకు వైద్యునకు రెండు నిమిషములకంటె పట్టదు.

ఇది విని పప్పును పెరుగును మానివేయుట మరింత ప్రమాదకరము. ఈ వ్యాధిలో రోగి బరువు తగ్గుట పరిపాటి. కండ కరగినచో పడిపోవుటయు, ఎముక విరుగుటయు వెంటనుండును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో శరీరభారమునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు నిర్ణయించినది; రోగికిని అవి కావలసినవే. మాత్ర ప్రభావము నిలకడ తప్పినవారికి, వైద్యుని పర్యవేక్షణలో, పగలు అన్నము, కూరలు, పండ్లు ప్రధానముగా నుంచి, పప్పు, పెరుగు, గ్రుడ్డులలో అధికభాగమును రాత్రి భోజనమునకు మార్చు పద్ధతి అనేక దేశములలో అనుసరింపబడుచున్నది.

వణుకు కానవచ్చుటకు ఏండ్ల తరబడి ముందే అనేక రోగులకు మలబద్ధకముండుట వైద్యులెరిగినదే. వ్యాధి కొందరిలో ప్రేవులయందే అంకురించి వేగస్ నాడి వెంట మెదడునకు ప్రాకుచున్నదని జర్మనీకి చెందిన హైకో బ్రాక్ 2003లో ప్రతిపాదించిన వాదము ఇంకను చర్చనీయమే యైనను, ఆకుకూరలు, పీచుగల ధాన్యములు, చాలినంత నీరు రోగికి సుఖమిచ్చుననుట చర్చకు అతీతము. ఇక వ్యాధి నివారణమును గూర్చిన మాటలను జాగ్రత్తగా గ్రహింపవలయును. హవాయిలో జపాను సంతతివారైన 8,004 మంది పురుషులను మూడు దశాబ్దములు పరిశీలింపగా, కాఫీ ముట్టనివారిలో ఈ వ్యాధి బాగుగా త్రాగువారికంటె సుమారు ఐదురెట్లు అధికముగా కనబడినట్లు 2000లో ప్రకటింపబడినది. కాని 2017లో వెలువడిన పరీక్షలో, వచ్చిన వ్యాధి లక్షణములను కెఫీన్ తగ్గింపలేకపోయినది. రెండవ మాటను విడిచి మొదటిదానినే చాటుట ప్రజలను మోసగించుటయే.

దూలగొండి గింజల పొడిని దివ్యౌషధమని అమ్మువారి విషయమున మేమింకను కఠినముగా చెప్పవలసియున్నది. ఆ గింజలలో లీవోడోపా కలదు. మన దేశపు శాస్త్రజ్ఞులు దామోదరన్, రామస్వామి 1937లోనే దానిని వేరుచేసి చూపిరి. గుణము నిజము గనుకనే అపాయమును నిజము. పొట్లమునకు పొట్లమునకు మందు పరిమాణము మారు పొడిని, వైద్యునకు చెప్పక, మాత్రలకు తోడుగా మ్రింగినవానికి ఎంత మందు పడినదో ఎవ్వరు లెక్కకట్టగలరు?

ప్రభుత్వమునకు మా కోరిక స్పష్టము. ఈ మాత్ర వ్రాసిన ప్రతి చీటిపై వేళలు తెలుగులో వ్రాయబడవలయును. వార్డులో ఉపాహారపు బండి వచ్చిన వెనుక మాత్రలు పంచు అలవాటు ఈ రోగుల విషయమున మానవలయును. మ్రింగుట కష్టమైనవారికి పొలమారని తీరున జావ, మెత్తని అన్నము పెట్టు విధమును ఇంటివారికి నేర్పవలయును. మన ఇడ్లీకి, పెసరట్టుకు, పెరుగన్నమునకు సరిపడు ఆహారపట్టికను పోషకాహార సంస్థ తెలుగులో ప్రకటింపవలయును.

ఇంట ఇట్టి రోగి గలవారు అంతవరకు వేచియుండ నక్కరలేదు. మాత్ర వేసికొనిన గడియను, తినిన పదార్థమును, దేహము వశమైన గడియను వారము దినములు ఒక కాగితముపై వ్రాసి, మోతాదును స్వయముగా మార్చక, ఆ కాగితమును వైద్యుని ముందుంచి వేళలు నిర్ణయింపుమని అడుగుడు.