ఎవరి ఒంటికి పడినట్టు?

మందయినా, తిండయినా ఒంటికి సరిపోకపోతే మన ఆడవాళ్ళు ‘నాకు పడలేదు’ అంటారు. సైన్సు దీన్నే ‘జీవ అనుకూలత’ అంటుంది. లోపల పెట్టిన వస్తువును శరీరం ఎలా స్వీకరిస్తుంది, ఆ వస్తువు శరీరానికి హాని చేయకుండా తన పని చేయగలుగుతుందా అన్నది దాని అర్థం. రెండు మాటలూ ఒకే విషయం గురించినవి. అయితే మొదటి మాటకు ఆసుపత్రిలో విలువ లేదు. రెండో మాట లేనిదే ఏ వస్తువూ ఆసుపత్రి గడప దాటి లోపలికి రాదు. నా పేచీ ఈ తేడాతోనే.

డాక్టరేట్ పని మీద మెదక్ పల్లెల్లో తిరుగుతున్నప్పుడు ఒక కూలిమనిషి నాతో అన్నది: “కాపర్-టి ఏసినంక నెలనెలా పది దినాలు నెత్తురు పోతుండె మేడం. తీసేయమంటే, అదేం లేదు, అంత నీ బుగులే అన్నరు.”

ఆమె బుగులు సంగతి చూద్దాం. కాపర్-టి 380ఎ అంటే పాలిథిలీన్ ప్లాస్టిక్‌తో చేసిన ‘టి’, దాని మీద రాగి తీగ, రాగి తొడుగులు. 380 అన్నది ఆ రాగి ఉపరితలం, చదరపు మిల్లీమీటర్లలో. రాగి కొద్దికొద్దిగా కరిగి వీర్యకణాలను పనిచేయనివ్వదు. అయితే వేసిన తొలి రోజుల్లో రాగి అవసరానికి మించి విడుదలవుతుంది. చైనాలోని వూహాన్ పరిశోధకులు దీనికి విరుగుడుగా రాగిని నానో కణాలుగా చేసి ప్లాస్టిక్‌లోనే కలిపారు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. ప్లాస్టిక్‌లోకి తేమ నెమ్మదిగా ఇంకుతుంది కాబట్టి రాగి కూడా నిలకడగా విడుదలవుతుందని వారి ఆలోచన. ఈ పదార్థంపై 2005లో ‘బయోమెటీరియల్స్’ పత్రికలో వ్యాసం వచ్చింది. అధిక రక్తస్రావానికి, నొప్పికి ఆ తొలి విడుదల ఒక కారణమన్నదే ఈ పరిశోధనకు మూలం.

గమనించండి. పల్లెలో ఆడమనిషి చెప్పినప్పుడు అది బుగులు. కొత్త వస్తువు తయారు చేయడానికి కారణం కావలసి వచ్చినప్పుడు అదే బాధ శాస్త్రీయ సమస్య అయింది!

ఇక పరీక్షలు. ఆ రాగి ఎలా కరుగుతుందో చూసింది గర్భాశయ ద్రవాన్ని పోలేలా ప్రయోగశాలలో కలిపిన ద్రవంలో. తరువాతి మెట్లు కణాల మీద, ఎలుకల వంటి జంతువుల మీద. ఇవి అవసరమే, కాదనను. కానీ ఎలుక ఆయుష్షు రెండు మూడేళ్ళు, కాపర్-టి 380ఎ ఉంచుకోవలసింది పదేళ్ళు. గాజుపాత్రలోని ద్రవానికి రక్తహీనత ఉండదు. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం రక్తహీనతతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. అసలే రక్తం లేని మనిషికి నెలకు పది రోజులు రక్తం పోతే, ఆ వస్తువు ఏ ప్రమాణం ప్రకారం ‘అనుకూలం’?

మగవాళ్ళ సంగతి కూడా చూడండి. ఐఐటి ఖరగ్‌పూర్‌లో సుజయ్ గుహ వీర్యనాళంలోకి ఎక్కించే పాలిమర్ మీద 1970లలో పని మొదలుపెట్టారు. మూడో దశలో 303 మంది పురుషులను ఏడేళ్ళు గమనించిన ఫలితాలు 2023లో గానీ వెలువడలేదు. ఈ జాగ్రత్తను నేను తప్పుపట్టడం లేదు. మనకూ అంతే జాగ్రత్త కావాలంటున్నాను. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ ఇంజెక్షన్‌కు పిలిచిన పేద స్త్రీలకు అది ప్రయోగమని కూడా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. 1986లో సహేలీ, చింగారీలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అది ఇంజెక్షనే, లోపల అమర్చే సాధనం కాదు. అయినా పాఠం ఒకటే: జనాభా లెక్కల కోసం వాడే శరీరం మనది, నిర్ణయం మాత్రం మనది కాదు. పైన చెప్పిన సర్వేలోనే ఆపరేషన్ చేయించుకున్న స్త్రీలు 37.9 శాతం, పురుషులు 0.3 శాతం!

కాపర్-టి వద్దనడం నా ఉద్దేశం కాదు. హార్మోన్లు లేని, చవకైన, బాగా పనిచేసే సాధనం అది. నానో రాగి నిజంగా రక్తస్రావాన్ని తగ్గిస్తే ముందు సంతోషించేది మనమే. వైద్య పరికరాలలోని నానో పదార్థాలను ఎలా అంచనా వేయాలో చెప్పే ఐఎస్ఓ 10993 మార్గదర్శకం 22వ భాగం 2017లో వచ్చింది. మన దేశంలో పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. కాగితం మీద ఏర్పాట్లకు లోటు లేదు. వాటిలో చేరనిది ఆ కూలిమనిషి మాట.

కాబట్టి మనం అడగవలసినవి మూడు. లోపల పెట్టేది ఏమిటో, దేనితో చేసిందో పెట్టే ముందే ఆమె భాషలో చెప్పాలి. తీయమన్న రోజున మారు మాట్లాడకుండా తీయాలి. రిజిస్టరులో ‘తీయించుకుంది’ అని రాసి ఊరుకోకుండా, ఎందుకు తీయించుకుందో ఆమె మాటల్లోనే రాసి పైదాకా పంపాలి.

ఈసారి మీ ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి వెళ్ళినప్పుడు ఆ రిజిస్టరు చూపించమని అడగండి. ‘పడలేదు’ అన్న మాట అందులో ఎక్కడా కనిపించకపోతే అందరికీ పడిందని అర్థం కాదు. ఎవరూ రాసుకోలేదని అర్థం.