ఎండ్రకాయకు సముద్రం అక్కర్లేదు

పీతలు, గుల్లలు ఏరుకుని బతకడం సముద్రపొడ్డు సంగతట. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో ఎవరైనా ఎండ్రకాయలు పడితే అది కరువునాటి పేదతిండి, నాలుగు డబ్బులొస్తే దానంతటదే పోతుందట. చదువుకున్నవాళ్లు తేల్చేసిన ఈ మాట తప్పు. దీనివల్ల నష్టపోయేవాళ్లున్నారు కాబట్టి ఊరుకోలేను.

ఆకలి ఉన్నంత మాత్రాన ఎండ్రకాయ చేతికి చిక్కదు. గెనిమలో ఏ బొక్క ముందు తడిమట్టి ఉందో, ఏది పాము దూరిన బొక్కో, ముందుకాళ్లు కరవకుండా వీపు ఎక్కడ అదమాలో తెలియాలి. నత్తకు మొప్పా ఉంది, ఊపిరితిత్తీ ఉంది. చెరువు ఎండితే మూత బిగించుకుని నెలల తరబడి మట్టిలో పడుకుంటుంది. ఎక్కడ తవ్వాలో తెలిసినవాళ్లకే అది దొరుకుతుంది. సముద్రపు పీత పిల్లలు నీళ్లలో తేలుతూ రూపాలు మార్చుకుని పెరుగుతాయి. మన కయ్యల ఎండ్రకాయ పిల్లలు తల్లి పొట్టకిందే చిన్న ఎండ్రకాయలుగా బయటికొస్తాయి. కాబట్టి గుడ్లున్న తల్లిని వదిలేస్తే చాలు, ఆ కయ్యలో మళ్లీ నిండుతాయి. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రవేత్తలు ఈ ఎండ్రకాయ మీదే దశాబ్దాలుగా పరిశోధించారు. పురుగుమందు దాన్ని ఏం చేస్తుందో కూడా పరీక్షించారు. ప్రయోగశాలలో విలువైన జీవి సంగటి పక్కన పులుసులో ఉంటే వెనకబాటుతనం ఎలా అవుతుంది?

ఎండ్రకాయ గెనిమకు బొక్కలు పెట్టి నీళ్లు కార్చేస్తుందని రైతు అంటాడు. నిజమే. చేత్తో పట్టుకుపోయేవాళ్లే దానికి విరుగుడు. మందు చల్లితే కప్పా, చేపపిల్లా కూడా పోతాయి. టమోటా తోటల్లో కొట్టిన మందు వానకు చేరేదీ చెరువుకే.

ఇంకో చిక్కూ ఉంది. హంద్రీ-నీవా ప్రాజెక్టు నీళ్లు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల్లోకి వచ్చాయి. నీళ్లు చేరిన చెరువుకు చేపల వేలం వస్తుంది. చేపలు టన్నుల లెక్కలో పడతాయి. ఆడవాళ్లు, యానాదులు బుట్టలో తెచ్చుకునేది ఏ లెక్కలోనూ లేదు. రేపు కట్టమీద కాపలా పెడితే వాళ్ల తరఫున అడిగే దిక్కుండదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో ఆమోదించిన చిన్నతరహా మత్స్యరంగ మార్గదర్శకాలు సముద్రంతోపాటు లోతట్టు నీళ్లకూ వర్తిస్తాయి. ఆడవాళ్ల పనినీ గుర్తిస్తాయి.

పంచాయతీ పెద్దలారా, వేలం కాగితంలో ఒక్క షరతు రాయించండి: చెరువు అంచున చేత్తో ఎండ్రకాయలు, నత్తలు పట్టుకునే హక్కు ఊరివాళ్లది, పాటదారు దాన్ని ఆపకూడదు.