పాడ్‌లో పట్టే పొగాకు ఎంత?

పత్తి ధర పడిపోయిన ప్రతి ఏడూ మన పడమటి మండలాల్లో ఒకే ప్రశ్న లేస్తుంది: ఈసారి ఏం వేద్దాం? మిరప వేసి దెబ్బతిన్నవాళ్లు, ఉల్లి వేసి చేనులోనే దున్నేసినవాళ్లు, కందికి తిరిగినవాళ్లు అందరూ మనలోనే ఉన్నారు. ఇప్పుడు ఆ వరుసలోకి పొగాకు పేరు వచ్చింది. కౌతాళం, కోసిగి, పెద్దకడబూరు వైపు కొందరు రైతులు సంఘం కార్యకర్తలను అడుగుతున్నారు. "నంద్యాల దిక్కు బర్లీ వేస్తున్నారు, మన నల్లరేగడికి రాదా? బయటి దేశాల్లో కరెంటు సిగరెట్లు వచ్చినాయంట, వాటికి పొగాకు రసం కావాలంట, ఇంక గిరాకీ తగ్గదంట కదా?"

ఈ "అంట" ఎక్కడి నుంచి వస్తుందో కనుక్కోవడం కష్టం కాదు. నారు, ఎరువు అప్పుగా ఇస్తాం, ఆకు మేమే కొంటాం అని తిరిగే ఏజెంట్లు ఏ ఊళ్లోనైనా చెప్పే మాటే ఇది. నల్లరేగడిలో బర్లీ పండదని మేం అనడం లేదు, పండుతుంది. కరెంటు సిగరెట్ల వల్ల ఆకుకు గిరాకీ పెరుగుతుందన్న మాట దగ్గరే మా పేచీ. దాన్ని లెక్క వేసి చూద్దాం.

ముందు ఆ వస్తువేమిటో తెలియాలి. ఈ-సిగరెట్‌లో ఆకు ఉండదు, నిప్పు ఉండదు. చిన్న బ్యాటరీ, వేడెక్కే తీగ, ఆ తీగకు తగిలే ద్రవం, అంతే. ద్రవంలో నికోటిన్, గ్లిజరిన్ లాంటివి, పండ్ల వాసనలు కలుపుతారు. దాన్ని ఫ్యాక్టరీలోనే నింపి మూత బిగించి అమ్మే ప్లాస్టిక్ గుళికను పాడ్ అంటారు. అయిపోగానే పారేసి ఇంకోటి తగిలించుకోవడమే. 2015లో అమెరికాలో జూల్ అనే పేరుతో ఈ పాడ్‌లు మార్కెట్‌లోకి దిగాయి. నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి గొంతు మండకుండా చేశారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి అక్కడి హైస్కూలు పిల్లల జేబుల్లోకి చేరింది. పిల్లలకు అలవాటు చేశారన్న ఆరోపణల మీద 2022లో ముప్పైకి పైగా రాష్ట్రాలకు దాదాపు 44 కోట్ల డాలర్లు కట్టడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి ఒకసారి వాడి పారేసే వేప్‌లను నిషేధించారు. కంపెనీలు దుకాణం మూసుకోలేదు. అదే రంగు, అదే వాసనతో, చార్జింగ్ పెట్టుకునే బ్యాటరీకి పాడ్ తగిలించి అమ్మడం మొదలుపెట్టాయి. అందుకే నింపిన పాడ్‌లకు ఇప్పుడు ఇంత గిరాకీ. మన దగ్గరికి వచ్చిన "గిరాకీ పెరుగుతుందంట" అన్న మాటకు మూలం కూడా ఇదే. గిరాకీ నిజమే. అయితే దేనికి గిరాకీ?

బ్రిటన్‌లో, యూరప్ దేశాల్లో ఒక పాడ్‌లో 2 మిల్లీలీటర్లకు మించి ద్రవం ఉండకూడదు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు. అంటే పాడ్ ఒక్కింటికి ఎక్కువలో ఎక్కువ 40 మిల్లీగ్రాములు. అమెరికా జూల్ పాడ్‌లో ఉన్నదీ ఇంచుమించు అంతే. ఇప్పుడు మన చేనుకు వద్దాం. రెండు శాతం నికోటిన్ ఉన్న ఆకు కిలో తీసుకుంటే అందులో 20 గ్రాములు, అంటే 20,000 మిల్లీగ్రాములు ఉంటుంది. లెక్క ప్రకారం 500 పాడ్‌లకు సరిపోతుంది. తీసేటప్పుడు పోయేది పోనీ, 400 అనుకుందాం. ఒక పాడ్ ఇరవై సిగరెట్ల పెట్టెకు సమానమని జూల్ కంపెనీయే చెప్పుకుంది. అంటే కిలో ఆకుతో 8,000 సిగరెట్ల పని జరుగుతుంది. ఆ 8,000 సిగరెట్లు చుట్టాలంటే, సిగరెట్‌కు 0.7 గ్రాముల చొప్పున, అయిదున్నర కిలోలకు పైగా ఆకు కావాలి.

ఏజెంటు చెప్పని లెక్క ఇది. సిగరెట్ తాగేవాడు పాడ్‌కు మారిన ప్రతిచోటా, అయిదున్నర కిలోలు అమ్ముడుపోయే చోట కిలో అమ్ముడుపోతుంది. బర్లీలో నికోటిన్ రెండు శాతానికి మించి ఉంటే రైతుకు ఇంకా నష్టం, ఎందుకంటే ఇంకా తక్కువ ఆకు చాలు. పాడ్‌ల వ్యాపారం ఎంత పెరిగితే ఆకు అవసరం అంత తగ్గుతుంది.

ఆకు నాణ్యత సంగతి చూసినా అంతే. పొగాకు రైతుకు బేరమాడే శక్తి ఏదైనా ఉందంటే అది ఆకు రంగులో, వాసనలో, గ్రేడులో ఉంది. ప్రకాశం జిల్లా వర్జీనియా రైతు వేలంలో గట్టిగా నిలబడేది అక్కడే. నికోటిన్ తీసే ఫ్యాక్టరీకి వీటితో పని లేదు. ఈనెలు, కాడలు, పొడి, ఊడ్చిన చెత్త ఏదైనా సరిపోతుంది. మన దేశం నికోటిన్ ఎగుమతుల్లో ముందు వరుసలో ఉందని పత్రికల్లో గర్వంగా రాస్తారు. అందులో మంచి ఆకుకు మంచి ధర అన్న మాటకు చోటెక్కడ? చెత్తతో జరిగే పనికి ఎవరైనా చెత్త ధరే ఇస్తారు.

ఆ చెత్త కూడా అక్కర్లేని రోజు దూరంలో లేదు. పొగాకు మొక్కతో సంబంధం లేకుండా లాబరేటరీలో నికోటిన్ తయారుచేస్తున్నారు. అమెరికాలో కొన్ని కంపెనీలు, మాది పొగాకు నుంచి తీసింది కాదు కాబట్టి పొగాకు చట్టం మాకు వర్తించదని తప్పించుకోబోతే, 2022 ఏప్రిల్ నుంచి అక్కడి ప్రభుత్వం దాన్ని కూడా చట్టం కిందికి తెచ్చింది. చట్టం మార్చాల్సి వచ్చిందంటే ఆ సరుకు ఎంతగా మార్కెట్‌లోకి వచ్చిందో ఊహించుకోవచ్చు. ఈ రోజుకు ఆకు నుంచి తీసిందే చవక కాబట్టి ఆకు కొంటున్నారు. ఫ్యాక్టరీ సరుకు చవకైన నాడు కొనరు.

రాయలసీమకు ఇది కొత్త కథ కాదు. కడప, కర్నూలు జిల్లాల్లో ఒకప్పుడు నీలిమందు పెద్ద పంట. 1897లో జర్మనీలో బీఏఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిమందును అమ్మకానికి పెట్టింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే దేశంలో నీలి సాగు కూలిపోయింది. అప్పటి రైతుకు జర్మనీలో ఏం జరుగుతోందో చెప్పినవాడు లేడు. ఇంకా దగ్గరి ఉదాహరణ మన పత్తి చేలోనే ఉంది. పొగాకు కాడలు ఉడకబెట్టి పేనుబంకకు కొట్టడం మన పెద్దలకు తెలిసిన విద్య. అందులో పురుగును చంపేది నికోటినే. ఇవాళ మనం పత్తికి కొడుతున్న ఇమిడాక్లోప్రిడ్ మందు పురుగు నరాల మీద నికోటిన్ లాగే పనిచేసేలా లాబరేటరీలో తయారైంది. ఆ మందుల జాతి పేరే నియోనికోటినాయిడ్లు. పేరులో నికోటిన్ ఉంది గానీ పొగాకు రైతుకు అందులో పైసా లేదు. డబ్బా కొనేది మాత్రం మనమే.

పాడ్‌ల భవిష్యత్తు మీద కంపెనీలకే పట్టు లేదు. అమెరికాలో అతిపెద్ద సిగరెట్ కంపెనీ ఆల్ట్రియా 2018 డిసెంబర్‌లో జూల్‌లో 35 శాతం వాటాను 1,280 కోట్ల డాలర్లకు కొన్నది. నాలుగేళ్లకు ఆ వాటా విలువ 25 కోట్ల డాలర్లకు పడిపోయింది. 2023లో వాటా వదిలేసి బయటపడింది. 2022 జూన్‌లో జూల్‌ను అమ్మకూడదన్న అమెరికా ప్రభుత్వ సంస్థే 2025 జూలైలో అమ్ముకోమంది. ప్రపంచానికి ఈ పరికరాలు చేసిపెట్టే చైనా, తన దేశంలో మాత్రం పండ్ల వాసనల వేప్‌లను 2022 అక్టోబర్ నుంచి ఆపేసింది. ఆస్ట్రేలియాలో 2024 జూలై నుంచి మందుల షాపుల్లో తప్ప అమ్మకూడదు. బ్రిటన్ 2026 అక్టోబర్ 1 నుంచి 10 మిల్లీలీటర్ల ద్రవానికి 2.20 పౌండ్ల సుంకం వేయాలని నిర్ణయించింది. ఇన్ని వేల కోట్లున్నవాళ్లు ఒక సంతకంతో మునిగి, ఇంకో సంతకంతో తేలుతున్నారు. రెండెకరాల కౌలు రైతు ఆ అలల మీద పంట వేయాలా?

ఇక మన చట్టం. కేంద్రం 2019 సెప్టెంబర్ 18న ఆర్డినెన్స్ తెచ్చి, డిసెంబర్‌లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఏడాది వరకు జైలు, లక్ష వరకు జరిమానా. మళ్లీ చేస్తే మూడేళ్లు, అయిదు లక్షలు. అప్పుడు కొన్ని పొగాకు రైతు సంఘాలు దీన్ని స్వాగతించాయి. పిల్లలను కాపాడే మేరకు మేం కూడా సమర్థిస్తున్నాం. నిషేధం ఉన్నా నగరాల్లో దొంగచాటు అమ్మకాలు ఆగలేదు. సుగ్గికి బెంగళూరు, హైదరాబాద్ పోయే మన పిల్లల విషయంలో తల్లిదండ్రులు కన్నేసి ఉంచాలి. పెన్ను మాదిరి, పెన్‌డ్రైవ్ మాదిరి ఉంటుంది, పొగ వాసన రాదు కాబట్టి పట్టుకోలేం.

ఒకటి మాత్రం చెప్పక తప్పదు. దేశంలో అతిపెద్ద సిగరెట్ కంపెనీ ఐటీసీలో ప్రభుత్వ రంగ ఎల్ఐసీకి పెద్ద వాటా ఉంది. పరికరాన్ని నిషేధించారు, సిగరెట్‌ను ఉంచారు, పొగాకు నుంచి తీసిన నికోటిన్‌ను ముడిసరుకుగా బయటికి పంపడం సాగుతూనే ఉంది. ఈ మూడింటిలో ఎవరికి లాభమో లెక్క చూసుకున్నారు. ఆకు పండించేవాడికి ఏమవుతుందన్న లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

ఆ లెక్క వేయకపోతే ఏమవుతుందో 2025లో బాపట్ల, ప్రకాశం, పల్నాడు జిల్లాల్లో చూశాం. అంతకుముందు ఏడాది ధర బాగుందని, కంపెనీల మనుషులు ప్రోత్సహించారని బర్లీ సాగు పెరిగింది. ఆకు చేతికి వచ్చాక కంపెనీలు ముఖం చాటేశాయి. ఇళ్ల ముందు మండెలు, పందిళ్ల కింద తోరణాలు అలాగే ఉండిపోయాయి. రైతులు రోడ్డెక్కాక రాష్ట్ర ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా కొనాల్సి వచ్చింది. తర్వాతి సీజన్‌కు బర్లీ వేయొద్దని ప్రభుత్వమే చెప్పింది. వర్జీనియాకైతే గుంటూరులో పొగాకు బోర్డు ఉంది, లైసెన్సు ఉంది, 1984 నుంచి వేలం ఉంది. బర్లీకి, నాటుకు ఆ వేలం లేదు. కంపెనీ చెప్పిందే ధర, ఏజెంటు చెప్పిందే గ్రేడు. మనల్ని వేయమంటున్నది సరిగ్గా ఆ పంటనే.

పొగాకు వస్తే ఊళ్లో కూలి దొరుకుతుంది, సుగ్గి తప్పుతుంది అనేవాళ్లు కూడా ఉన్నారు. సుగ్గి తప్పాలన్న కోరిక మాకూ ఉంది. పండగ కాగానే ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, పిల్లల బడి మాన్పించి గుంటూరు మిరప చేలకు లారీలెక్కే బతుకు ఎవరికి ఇష్టం? కానీ తడిగా ఉన్న పొగాకు ఆకు విరిచే కూలీలకు చర్మం గుండా నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. వాంతులు, తల తిరగడం, నీరసం వస్తాయి. ఆ పనిలో ఎక్కువగా ఉండేది ఆడవాళ్లు.

సుగ్గి తప్పించే దారి ఆకులో లేదు, నీళ్లలో ఉంది. తుంగభద్ర దిగువ కాలువ కింద రాష్ట్రానికి రావాల్సిన 24 టీఎంసీలు పూర్తిగా వచ్చి చివరి భూములకు పారిన ఏడాది ఏదో చెప్పమంటే వెతుక్కోవాలి. 2024 ఆగస్టులో డ్యాం 19వ గేటు కొట్టుకుపోయాక ఆ నీళ్ల మీద ఉన్న కాస్త నమ్మకం కూడా కదిలింది. నది పక్కనే ఉండి తాగునీటికి ఎదురుచూసే ఊళ్లు మనవి. ఆర్డీఎస్ కుడి కాలువ పూర్తి కావాలి.

ధర సంగతి కూడా అంతే. 2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాల్‌కు రూ.8,110, కందికి రూ.8,000. కాగితం మీద బాగానే ఉంది. తేమ 12 శాతం దాటిందని సీసీఐ వెనక్కి పంపితే కౌతాళం రైతు బండి బాడుగ పెట్టుకుని మళ్లీ ఇంటికి తోలుకుపోవాలా, ఆదోనిలోనే వ్యాపారి చెప్పిన ధరకు వదిలేయాలా? ఎక్కువమంది వదిలేస్తారు. దీనికి తోడు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ దొరకాలి. ఇదే సమయంలో కేంద్రం 2025 ఆగస్టు 19 నుంచి ఏడాది చివరిదాకా విదేశీ పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది. పత్తికి ధర ఉంటే పొగాకు ఏజెంటుకు మన ఊళ్లో మంచినీళ్లిచ్చేవాడు కూడా ఉండడు.

పొగాకు సాగు తగ్గించి రైతులకు వేరే ఆదాయం చూపుతామని ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు ఒప్పందం మీద మన దేశం 2004లో సంతకం ఖాయం చేసింది. దాని 17వ అధికరణం చెప్పేది ఇదే. పొగాకు రాష్ట్రాలకు 2015-16 నుంచి పంటల మార్పిడి పథకం ఉంది. ఆ డబ్బు కొత్తగా పొగాకులోకి లాగబడుతున్న ప్రాంతాలకు ముందే రావాలని, బర్లీ, నాటు కొనుగోళ్లను బోర్డు పర్యవేక్షణ కిందికి తేవాలని, కౌతాళంలో, కోసిగిలో సీజన్‌లో పత్తి కొనుగోలు కేంద్రాలు తెరవాలని, తేమ కొలిచే యంత్రం రైతు కళ్ల ముందే పెట్టాలని మేం డిమాండ్ చేస్తున్నాం. వచ్చే నెల ఆదోని సబ్ కలెక్టర్ కార్యాలయంలో ఇవ్వబోయే వినతిపత్రంలో ఇవన్నీ ఉంటాయి.

ఈ లోపు పొగాకు నారు అప్పుగా ఇస్తామని ఎవరైనా వస్తే, ఎన్ని క్వింటాళ్లు, ఏ గ్రేడుకు ఎంత ధర, ఏ తేదీలోగా కొంటారు, కొనకపోతే ఎవరు బాధ్యులు అన్నది కంపెనీ ముద్రతో కాగితం మీద రాసివ్వమనండి. ఏజెంటు సంతకం చాలదు. రాసిస్తే ఆ కాగితం సంఘం ఆఫీసుకు తెచ్చి చూపించండి, చదివి చెప్తాం. రాసివ్వకపోతే నారు ముట్టుకోవద్దు.