తేలిక రోలర్లు వేస్తే పికప్ వస్తుందా?

జహీరాబాద్‌లో గేర్లెస్ స్కూటర్ పికప్ తగ్గిందంటే చాలు, "తేలిక రోలర్లు వేయించు అన్నా" అనే సలహా రెడీ. నేనైతే ఒప్పుకోను. 1984లో వచ్చిన కైనెటిక్ హోండా నుంచీ సూత్రం ఒకటే: ఇంజన్ వేగం పెరిగేకొద్దీ రోలర్లు బయటికి జరిగి ముందు పుల్లీని దగ్గరికి నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. రోలర్ బరువు తగ్గిస్తే ఆ పని ఆలస్యమౌతుంది. ఇంజన్ ఎక్కువ తిరిగి గట్టిగా లాగుతుంది, నిజమే. ఊళ్ళో బావుంటుంది. 65వ నంబరు హైవే మీద మాత్రం అరుపు, పెట్రోలు దండగ.

అసలు బెల్టు అరిగిందా, పాత రోలర్లు ఒకవైపు చదునయ్యాయా అని ఎవరూ చూడరే! ప్రొఫైలింగ్ చెయ్యకుండా కోడ్ మార్చేవాణ్ణి మన ఆఫీసులో ఏమంటామో తెలుసుగా :) లారీల మధ్య బెల్టు తెగితే బండి లాగడమే మానేస్తుంది. అందుకే నాన్న బండికి కొత్త బెల్టు, కంపెనీ బరువు రోలర్లే వేయించాను. మెకానిక్‌కి నచ్చలేదు లెండి.